ప్లేటో చెప్పిన న్యాయం వెనక ఉన్నది సోక్రటీస్ చావు ఒక్కటేనా?

రేపల్లె_రైలు:
అందరికీ నమస్కారం. గ్రూప్స్ కోసం పొలిటికల్ సైన్స్ చదువుతున్నా. పాశ్చాత్య రాజనీతి చింతన దగ్గర బండి ఆగిపోయింది. నా దగ్గరున్న నోట్స్‌లో ప్లేటో గురించి ఇలా ఉంది: గురువు సోక్రటీస్‌కు ఏథెన్స్ ప్రజాస్వామ్యం మరణశిక్ష వేసింది కాబట్టి ప్లేటో ప్రజాస్వామ్యాన్ని ద్వేషించి, తత్వవేత్తలే రాజులు కావాలన్నాడట. అంతే. ఆ వెంటనే మూడు వర్గాలు, నాలుగు సద్గుణాలు, ఆస్తి-కుటుంబ సామ్యవాదం అని ఒక టేబుల్.

నా డౌట్ ఏంటంటే, గురువును చంపారన్న కోపంతో ఒక మనిషి ప్రజల మీద అలగొచ్చు. కానీ ఆ కోపం లోంచి "పాలకులకు సొంత ఇల్లు, బంగారం ఉండకూడదు" అన్న రూలు ఎలా పుడుతుంది? సోక్రటీస్‌ను చంపినవాళ్లు డబ్బు కోసం చంపలేదు కదా. మధ్యలో ఏదో లింకు తెగింది. తెలిసినవాళ్లు చెప్పండి. మార్కుల కోసం కాదు, పరీక్షలో ఎలాగూ ఆ ఒక్క వాక్యమే రాస్తా.

కోర్టుపక్షి:
ప్రశ్న బాగుంది తమ్ముడూ. మల్లెపందిరి మేడమ్ వచ్చేదాకా ఎవరూ లాగౌట్ అవ్వకండి.

మల్లెపందిరి:
వచ్చాను, వచ్చాను. పేపర్లు దిద్దుతుంటే ఇదే మేలనిపించింది.

రేపల్లె గారూ, మీకు తెగిందనిపించిన లింకు నిజంగానే తెగింది. సోక్రటీస్‌ను చంపింది క్రీ.పూ. 399లో. అప్పటికి ప్లేటోకు ముప్పై ఏళ్లు ఉండొచ్చు. ఆయన ఆలోచనను మలుపు తిప్పిన సంగతి అంతకు ఐదేళ్ల ముందే జరిగింది. మన నోట్సులు దాన్ని దాటేస్తాయి. ఎందుకంటే అందులో నేరం చేసింది ప్రజాస్వామ్యం కాదు, ప్లేటో సొంత చుట్టాలు.

ముందు కాలం చూడండి. స్పార్టాతో యుద్ధం 431లో మొదలైంది. ప్లేటో పుట్టింది ఆ తర్వాత నాలుగైదేళ్లకు. అంటే ఇరవై మూడేళ్లు వచ్చేవరకూ ఆయన పెరిగింది ఎక్కువగా యుద్ధంలో ఉన్న ఏథెన్స్‌లోనే. 413లో సిసిలీకి వెళ్లిన సైన్యం మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. 411లో నాలుగు వందల మంది సంపన్నులు ప్రజాసభను పక్కకు నెట్టి అధికారం లాక్కున్నారు, కొన్ని నెలలకే పడిపోయారు. 406లో ఆర్గినూసే దగ్గర నౌకాయుద్ధం గెలిచి వచ్చిన సేనాధిపతుల మీద, తుపానులో మునిగిపోతున్న తమవాళ్లను కాపాడలేదని సభ మండిపడి, ఆరుగురిని ఒకే ఓటుతో చంపించింది. ఒక్కొక్కరిని విడిగా విచారించాలన్న చట్టాన్ని పక్కన పెట్టేసింది. ఆ రోజు సభ నడిపే బృందంలో ఉండి ఒప్పుకోనన్నది సోక్రటీస్. కాబట్టి గుంపు ఎంత దూరం పోగలదో ప్లేటోకు 399 కంటే ముందే తెలుసు.

404లో ఏథెన్స్ లొంగిపోయింది. కోట గోడలు కూల్చారు, అదీ పిల్లనగ్రోవుల పాటతో. స్పార్టా అండతో ముప్పై మంది పాలకులు వచ్చారు. వాళ్ల నాయకుడు క్రిటియాస్, ప్లేటో తల్లికి దాయాది. వాళ్ల కింద పిరేయస్ రేవును పాలించిన పదిమందిలో ఒకడు చార్మిడిస్, ప్లేటోకు స్వయానా మేనమామ. ఏడో లేఖ అని ప్లేటో పేరు మీద ఒకటి ఉంది. అందులో, మావాళ్లు నన్ను వెంటనే రమ్మన్నారు, కుర్రతనం కాబట్టి వీళ్లు ఊరిని అన్యాయం నుంచి న్యాయం వైపు నడిపిస్తారని నమ్మాను, కళ్లప్పగించి చూశాను అంటాడు. కొద్ది కాలానికే వాళ్లు అంతకు ముందున్న పాలనే బంగారం అనిపించేలా చేశారట.

పాలన సాగింది ఏడాది కూడా లేదు. చంపింది మాత్రం 1500 మందికి తక్కువ కాదని తర్వాత అరిస్టాటిల్ పేరు మీద వచ్చిన ఏథెన్స్ చరిత్ర చెబుతుంది.

ఊరికే_చదువుతా:
ఆగండాగండి. సొంత మేనమామా? ఇది నాకు ఏ క్లాసులోనూ చెప్పలేదు. పైగా ప్లేటో తన సంభాషణల్లో ఒకదానికి ఆ చార్మిడిస్ పేరే పెట్టాడు కదా? ఒక హంతకుడి పేరా?

మల్లెపందిరి:
అవును, అతనే. అందులో చార్మిడిస్ ఇంకా పసివాడు, అందగాడు. క్రిటియాస్ అతని సంరక్షకుడు. సోక్రటీస్ వాళ్లిద్దరినీ అడిగేది నిగ్రహం అంటే ఏమిటని. ఇద్దరూ చెప్పలేకపోతారు. తర్వాత ఏం జరిగిందో తెలిసిన ఏథెన్స్ పాఠకుడు అది చదివితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ప్లేటో ఒక్క మాట కూడా వ్యాఖ్యానించడు. అదే ఆయన పద్ధతి.

కోర్టుపక్షి:
ఇక్కడ నేను దూరాలి, ఎందుకంటే ఇది నా వృత్తికి సంబంధించిన కాగితం. ఆ ముప్పై మంది ఎలా పనిచేశారో తెలియాలంటే లిసియస్ ప్రసంగం చదవండి. బాధితుడే కోర్టులో నిలబడి చెప్పిన మాటలు.

లిసియస్ కుటుంబం ఏథెన్స్ పౌరులు కారు. తండ్రి సెఫలస్ సిసిలీలోని సిరక్యూస్ నుంచి వచ్చి స్థిరపడ్డ పరదేశి. డాళ్లు తయారుచేసే కార్ఖానా, అందులో బానిసలు, రేవులో ఇళ్లు, బాగా ఉన్నవాళ్లు. ముప్పై మందిలో ఇద్దరు సలహా ఇచ్చారట: పరదేశుల్లో మన పాలన అంటే గిట్టనివాళ్లు ఉన్నారు, ఆ సాకుతో పట్టుకుంటే డబ్బూ వస్తుంది అని. ఖజానా ఖాళీగా ఉంది మరి. పదిమందిని పట్టుకోవాలని తీర్మానించారు. అందులో ఇద్దరు పేదవాళ్లు ఉండేలా చూసుకున్నారు, డబ్బు కోసం చేయడం లేదని చెప్పుకోవడానికి! ఇరవై నాలుగు శతాబ్దాల కిందటి తెలివి అది. ఎఫ్ఐఆర్‌లు రాసేవాళ్లు చదవకపోవడమే మంచిది.

లిసియస్ ఇంట్లో అతిథులతో భోంచేస్తుండగా వచ్చారు. పైసన్ అనేవాడికి లంచం ఇస్తానన్నాడు, ఒక టాలెంట్ (అప్పటి పెద్ద తూకం) వెండికి బేరం కుదిరింది. పెట్టె తెరిచి చూపించగానే పైసన్ పెట్టె మొత్తం ఎత్తుకుపోయాడు: మూడు టాలెంట్ల వెండి, నాలుగు వందల సైజికస్ నాణేలు, వంద పారశీక బంగారు నాణేలు, నాలుగు వెండి గిన్నెలు. దారి ఖర్చుకైనా ఇవ్వమంటే, ప్రాణం దక్కితే చాలనుకో అన్నాడు. లిసియస్ వేరే ఇంటి వెనక తలుపు గుండా తప్పించుకుని పడవెక్కి మెగారా పోయాడు.

అన్న పొలెమార్కస్ మాత్రం వీధిలో దొరికిపోయాడు. ఎందుకు పట్టుకున్నారో కూడా చెప్పకుండా విషం తాగమన్నారు. కుటుంబానికి మూడు ఇళ్లున్నా ఒక్క ఇంటి నుంచీ శవాన్ని ఎత్తనివ్వలేదు. అద్దె కొట్టంలో పడుకోబెట్టారు. ఒక స్నేహితుడు గుడ్డ ఇచ్చాడు, ఇంకొకడు తలగడ. పొలెమార్కస్ భార్య చెవులకున్న బంగారు పోగుల్ని మెలోబియస్ అనేవాడు లాగేసుకున్నాడు. ఆ ఇంట్లోకి రావడం రావడమే చేసిన పని అది.

వీళ్లు దొంగలు కారు, గమనించండి. ఊళ్లో పెద్దింటివాళ్లు. చదువుకున్నవాళ్లు. క్రిటియాస్ కవి కూడా.

రేపల్లె_రైలు:
పొలెమార్కస్... ఈ పేరు నా నోట్స్‌లో ఉంది! న్యాయానికి రెండో నిర్వచనం ఇచ్చినవాడు. "మిత్రులకు మేలు, శత్రువులకు కీడు." ఆయనేనా?

మల్లెపందిరి:
ఆయనే. అక్కడికే రావాలని చూస్తున్నా.

న్యాయం మీద ప్లేటో రాసిన రిపబ్లిక్ మొదలయ్యేది ఎక్కడ? ఏథెన్స్‌లో కాదు, కిందున్న పిరేయస్ రేవులో. సోక్రటీస్ బెండిస్ దేవత జాతర చూసి తిరిగి వెళ్తుంటే వెనక నుంచి ఒక కుర్రాడు వచ్చి పైబట్ట పట్టుకుని లాగుతాడు. పొలెమార్కస్ ఆగమంటున్నాడు అంటాడు. మేం ఎంతమందిమో చూశావుగా, మమ్మల్ని గెలిచి వెళ్లు, లేదంటే ఇక్కడే ఉండు అని పొలెమార్కస్ సరదాగా బెదిరిస్తాడు. ఒప్పించి వెళ్లే దారి కూడా ఒకటుంది కదా అంటాడు సోక్రటీస్. విననివాళ్లను ఎలా ఒప్పిస్తావని ఎదురు ప్రశ్న. పుస్తకం మొత్తం ఈ నాలుగు మాటల్లోనే ఉందని నాకు అనిపిస్తుంది, బలమా, ఒప్పించడమా అని.

వెళ్లేది సెఫలస్ ఇంటికి. కోర్టుపక్షి గారు చెప్పిన ఆ ఇంటివాళ్ల దగ్గరికే. ముసలాయన పూజ చేసి తలకు పూలదండతో కూర్చుని ఉంటాడు. డబ్బు వల్ల ఏం లాభం అని సోక్రటీస్ అడిగితే, ఎవరికీ బాకీ లేకుండా, అబద్ధం ఆడకుండా పోవచ్చు అంటాడు. న్యాయం గురించిన చర్చ అక్కడ మొదలవుతుంది. ఒక డబ్బున్న పరదేశి తన ఆస్తి తనకు మనశ్శాంతి ఇచ్చిందని చెప్పుకునే చోట. ఆ ఆస్తే తర్వాత కొడుకు ప్రాణం తీసింది. లిసియస్ కూడా ఆ గదిలోనే ఉన్నాడు, ఒక్క మాట మాట్లాడడు. నికియస్ సేనాధిపతి కొడుకు నికెరాటస్ ఉన్నాడు, అతన్నీ ముప్పై మందే చంపారు. ప్రశ్నలడిగే గ్లాకన్, అడైమాంటస్ ఇద్దరూ ప్లేటో అన్నలు. అంటే చంపినవాళ్ల బంధువులు, చచ్చిపోబోయేవాళ్లు ఒకే గదిలో కూర్చుని న్యాయం అంటే ఏమిటని తెల్లవార్లూ మాట్లాడుకుంటున్నారు. మధ్యలో సోక్రటీస్, ఇంకో ప్రభుత్వం చేతిలో పోబోయేవాడు.

ఇంకోటి. ముప్పై మంది పతనానికి దారితీసిన పోరు 403లో జరిగింది పిరేయస్‌లోనే, మునీకియా గుట్ట దగ్గర. ఏ దారిన వాళ్లు పైకి నడిచారో సమకాలికుడు జెనొఫన్ రాశాడు: మునీకియా ఆర్టెమిస్ గుడికీ, బెండిస్ గుడికీ పోయే దారి. క్రిటియాస్, చార్మిడిస్ చచ్చింది అక్కడే. జాతర జరిగే దేవత గుడి దారిలో. ప్లేటోకు ఇది తెలియకుండా మొదటి వాక్యంలో ఆ రేవునూ ఆ జాతరనూ పెట్టాడంటే నేను నమ్మను.

ఇక ఆ నిర్వచనానికి వద్దాం. "మిత్రులకు మేలు, శత్రువులకు కీడు." ముప్పై మంది చేసింది అచ్చంగా ఇదే. మూడు వేల మంది పేర్లతో ఒక జాబితా రాసుకున్నారు, అందులో ఉన్నవాడికి విచారణ హక్కు, లేనివాడిని ఊరికే చంపొచ్చు. తమలో ఒకడైన థెరమెనిస్ అడ్డం తిరిగితే, క్రిటియాస్ ఆ జాబితాలో ఆయన పేరు కొట్టేసి విషం తాగించాడు. అలాంటి నిర్వచనాన్ని ప్లేటో ఎవరి నోట పలికించాడు? ఆ సూత్రానికే బలైన పొలెమార్కస్ నోట. తర్వాత సోక్రటీస్ ఆయన్ని మెల్లగా ఎక్కడికి తెస్తాడో చూడండి: ఎవరికైనా సరే కీడు చేయడం న్యాయమైన మనిషి పని కాదు అని. పొలెమార్కస్ ఒప్పుకుని, ఈ పోరులో నేను నీ పక్కన ఉంటానంటాడు. అక్కడ నేను ప్రతిసారీ ఒక నిమిషం ఆగుతాను.

ఊరికే_చదువుతా:
మేడమ్, ఇదంతా మాకు డిగ్రీలో చెప్పి ఉంటే ఆ సబ్జెక్టు మానేసేవాణ్ని కాదు.

డెన్వర్_చలి:
చాలా బాగుంది మేడమ్, కానీ నేను కాస్త చల్లటి నీళ్లు పోస్తా, ఏమనుకోకండి.

మొదటిది, ఏడో లేఖ ప్లేటో రాశాడో లేదో పండితులు ఇంకా తేల్చుకోలేదు. చాలామంది నిజమే అంటారు, గట్టివాళ్లే కొందరు కాదంటారు. దాని మీద మొత్తం ఇల్లు కట్టకూడదు.

రెండోది ఇంకా ముఖ్యం. ఒక మనిషి ఒక మాట ఎందుకు అన్నాడో తెలిసినంత మాత్రాన ఆ మాట నిజమో కాదో తెలియదు. రిపబ్లిక్‌లో అదే చర్చలో థ్రాసిమాకస్ అనేవాడు లేచి న్యాయం అంటే బలవంతుడికి లాభించేదే, ప్రతి ప్రభుత్వం తనకు అనుకూలమైన చట్టాలు చేసుకుని దాన్నే న్యాయం అంటుంది అన్నాడు. దానికి సోక్రటీస్ ఇచ్చే జవాబులు మొదటి భాగంలో బలహీనంగా ఉన్నాయి. గ్లాకన్ కూడా తృప్తి పడలేదు, అందుకే గైజిస్ ఉంగరం కథ తెచ్చాడు: కనిపించకుండా పోయే ఉంగరం దొరికితే ఎవడు న్యాయంగా ఉంటాడు అని. ప్లేటో మేనమామ ఎవరైనా కావచ్చు, ఆ ప్రశ్నకు జవాబు తర్కంలోనే దొరకాలి. జీవిత చరిత్రతో తత్వాన్ని వివరించేస్తే తత్వవేత్త పేషెంటు అయిపోతాడు, మనం డాక్టర్లం.

కోర్టుపక్షి:
లేఖ పక్కన పెట్టండి డెన్వర్ గారూ. క్రిటియాస్ బంధుత్వం ప్లేటో సంభాషణల్లోనే ఉంది. లిసియస్ ప్రసంగం ఉంది. జెనొఫన్ ఉన్నాడు. సోక్రటీస్ విచారణ గురించి ప్లేటో రాసిన దాంట్లో సలామిస్‌వాసి లియోన్ సంగతి ఉంది: ముప్పై మంది ఐదుగురిని పిలిచి లియోన్‌ను పట్టుకురమ్మన్నారు, చంపడానికి. నలుగురు వెళ్లారు. సోక్రటీస్ ఇంటికి వెళ్లిపోయాడు. సాక్ష్యం సరిపోతుంది, లేఖ కొట్టేసినా కేసు నిలబడుతుంది.

డెన్వర్_చలి:
ఒప్పుకుంటా, సంఘటనలకు సాక్ష్యం ఉంది. వాటికీ సిద్ధాంతానికీ మధ్య సంబంధానికి సాక్ష్యం చూపించండి. రేపల్లె గారు అడిగింది కూడా అదే. బంగారం రూలు ఎక్కడి నుంచి వచ్చింది?

మల్లెపందిరి:
పుస్తకంలోనే చూపిస్తాను. మూడో భాగం చివర.

రక్షకుల గురించి, అంటే ఊరిని కాచే, పాలించే వర్గం గురించి చెబుతూ, గొర్రెల్ని కాయాల్సిన కుక్కలే ఆకలితోనో దురలవాటుతోనో తోడేళ్లయి మంద మీద పడటం కంటే సిగ్గుచేటు లేదంటాడు. ఆ వెంటనే రూలు: వీళ్లకు సొంత ఆస్తి ఉండకూడదు, ఎవరూ లోపలికి రాలేని ఇల్లు ఉండకూడదు, బంగారం వెండి ముట్టుకోకూడదు, వాటితో ఒకే కప్పు కింద కూడా ఉండకూడదు. ఎందుకంటే సొంత భూమి, ఇళ్లు, డబ్బు రాగానే వీళ్లు తోటి పౌరులకు తోడు ఉండటం మాని, శత్రువుల్లాంటి యజమానులవుతారట. ద్వేషిస్తూ, ద్వేషించబడుతూ, కుట్రలు పన్నుతూ, పన్నించుకుంటూ, బయటి శత్రువు కంటే లోపలి జనానికే ఎక్కువ భయపడుతూ బతుకుతారట.

ఇది సోక్రటీస్‌కు ఓటు వేసి చంపిన జనం వర్ణనా? కాదు. జనానికి భయపడి స్పార్టా సైనికుల్ని కోటలో కాపలా పెట్టుకుని, ఊరివాళ్ల ఆయుధాలు లాక్కుని, పరదేశుల పెట్టెలు ఎత్తుకుపోయినవాళ్ల వర్ణన. ఆ ముప్పై మంది మొదట్లో చెప్పుకున్నది ఊరిని అన్యాయపరుల నుంచి శుభ్రం చేస్తామని. ఏ హద్దూ లేని అధికారం, పక్కన డబ్బు, చదువుకున్న మనుషులు. మూడూ కలిస్తే ఏమవుతుందో ప్లేటో ఇంట్లోనే చూశాడు. కాబట్టి ఆయన అడిగింది పాలించేవాడిని డబ్బు నుంచి విడదీయడం ఎలా అని. ఎవరు పాలించాలి అన్న దాని కంటే నాకు ఈ ప్రశ్నే లోతుగా కనిపిస్తుంది.

పేషెంటు మాట నాకు నచ్చింది కానీ, గాయం ఉన్నవాడికి నొప్పి ఎక్కడో బాగా తెలుస్తుంది. అతను చెప్పే వైద్యం సరైనదో కాదో వేరే సంగతి.

నల్లబల్ల:
వైద్యం సంగతి నేను మాట్లాడతా. మేడమ్ గారు ప్లేటోను చాలా ముద్దు చేస్తున్నారు.

పెద్దింటి చుట్టాలు ఘోరాలు చేశారు, సరే. దాని నుంచి ఆయన తెలుసుకున్నది ఏంటి? అధికారం కొందరి చేతుల్లో ఉండకూడదని కాదు. ఇంకా మంచి కొందరి చేతుల్లో ఉండాలని. న్యాయం అంటే ఎవరి పని వాళ్లు చేసుకోవడం, పక్కవాడి పనిలో వేలు పెట్టకపోవడం. చెప్పులు కుట్టేవాడు సభలో మాట్లాడకూడదు. ఇది మనకు కొత్తగా వినిపిస్తుందా? 1936లో కుల నిర్మూలన మీద లాహోర్‌లో ఇవ్వాల్సి ఉండి ఇవ్వనివ్వని ఉపన్యాసంలో అంబేద్కర్ చాతుర్వర్ణ్యాన్ని తిడుతూ ప్లేటోను పేరు పెట్టి తీసుకొచ్చారు. మనుషుల్ని మూడు నాలుగు గంపల్లో పోయొచ్చు అనుకోవడం మనిషి గురించి చాలా పైపై అవగాహన అన్నారు. ప్రతి మనిషీ వేరు, ఒక్క మనిషిలోనే ఎన్నో స్వభావాలు ఉంటాయి, దాన్ని ప్లేటో చూడలేదని.

ముప్పై మంది రాసుకున్న మూడు వేల జాబితా తప్పయితే, బంగారం వెండి కంచు అని మూడు వర్గాల మనుషులకు పేర్లు పెట్టి ప్లేటో రాసిన జాబితా ఎలా ఒప్పవుతుంది?

రేపల్లె_రైలు:
అన్నా, నా నోట్స్‌లో అయితే కంచు తల్లిదండ్రులకు బంగారు బిడ్డ పుడితే పైకి తీసుకోవాలని కూడా ఉంది. పుట్టుకతో కాదు కదా?

నల్లబల్ల:
ఉంది తమ్ముడూ. రక్షకులకు కంచు బిడ్డ పుడితే కనికరం లేకుండా కిందకు పంపాలని కూడా ఉంది. ఆడవాళ్లు రక్షకులు కావచ్చని కూడా అన్నాడు, ఆ కాలానికి పెద్ద మాటే. కానీ ఎవరు బంగారమో చెప్పేది ఎవరు? పైనున్నవాళ్లే. ఎక్కడ చూసినా అర్హత పత్రం రాసేది వాళ్లే. అంబేద్కర్ మాట అప్పుడూ తగులుతుంది, ఎందుకంటే ఆయన అడిగింది పుట్టుక గురించి ఒక్కటే కాదు, గంపల గురించే.

డెన్వర్_చలి:
ఈ దారిలో వియన్నాలో పుట్టిన తత్వవేత్త కార్ల్ పాపర్ ఇంకా దూరం వెళ్లాడు. హిట్లర్ ఆస్ట్రియాను మింగేసిన కాలంలో న్యూజిలాండ్‌లో కూర్చుని ఒక పుస్తకం రాసి 1945లో అచ్చేశాడు. ప్లేటో సోక్రటీస్‌కు ద్రోహం చేశాడని, ప్రశ్నించే గురువు నోట ప్రశ్నించనివ్వని రాజ్యాన్ని పలికించాడని. పాపర్ చదివినప్పుడు నాకనిపించింది, ఇతను కూడా తన గాయం లోంచే ప్లేటోను చదివాడని. చూశారా, నేనే మీ పద్ధతిలోకి వచ్చేశా మేడమ్.

మల్లెపందిరి:
నల్లబల్ల గారితో నేను సగానికి పైగా ఏకీభవిస్తాను. ప్లేటో రోగం పట్టుకున్నాడు. మందు దగ్గర తన తరగతి అలవాటు బయటపడింది. పెద్దింటివాళ్లు చెడిపోతే పెద్దింటివాళ్లకే ఇంకా కఠినమైన శిక్షణ ఇద్దాం అన్నట్టుంది. చెప్పులు కుట్టేవాడిని పిలుద్దామని తోచలేదు.

అసలు విడ్డూరం ఏమిటంటే, 403లో తిరిగి వచ్చిన ప్రజాస్వామ్యం ప్రవర్తన చాలా గొప్పది. పాత పగలు తలచుకోబోమని ప్రమాణాలు చేశారు. ముప్పై మందినీ, వాళ్ల కింది కొందరు అధికారుల్నీ తప్ప మిగతా అందరినీ వదిలేశారు. వాళ్లు ఎంతో మితంగా ఉన్నారని ఏడో లేఖ కూడా మెచ్చుకుంటుంది. క్రిటియాస్ బంధువైన ప్లేటో అదే ఊళ్లో ప్రాణాలతో ఉన్నాడంటే ఆ క్షమాభిక్ష నీడలోనే. తర్వాత అకాడమీ అనే బడి పెట్టి, నలభై ఏళ్ల దాకా ఆ ప్రజాస్వామ్యంలోనే కూర్చుని, ప్రజాస్వామ్యంలో గాడిదలు కూడా దారి ఇవ్వకుండా స్వేచ్ఛగా నడుస్తాయని వెక్కిరించాడు. ఎవరూ ఆయన జోలికి పోలేదు.

కోర్టుపక్షి:
అంత క్షమించినవాళ్లు సోక్రటీస్‌ను ఎందుకు వదల్లేదు అని అడుగుతారు కదా, ముందే చెబుతా. క్షమాభిక్ష వల్ల పాత రాజకీయ నేరాలు ఫిర్యాదులో రాయకూడదు. అందుకే దైవదూషణ, యువకుల్ని చెడగొట్టడం అని రాశారు. కానీ జనం మనసులో ఉన్నది వేరని యాభై ఏళ్ల తర్వాత బయటపడింది. 345లో ఎస్కినీస్ అనే వక్త కోర్టులో మామూలుగా అనేశాడు: క్రిటియాస్‌కు పాఠాలు చెప్పాడని మీరు సోక్రటీస్‌ను చంపారు కదా అని. ఫిర్యాదీల్లో ఒకడైన అనీటస్, ముప్పై మందికి ఎదురు తిరిగిన పోరాటంలో ఉన్నవాడే.

అంటే మేనమామల నేరానికి గురువు శిక్ష అనుభవించాడు. ప్లేటో పరిస్థితి ఆలోచించండి. ఇంట్లోవాళ్లను సమర్థించలేడు, వాళ్లను ఓడించినవాళ్లతో చేతులు కలపలేడు.

ఊరికే_చదువుతా:
రాజకీయాల్లోకి వెళ్లకుండా ఇంట్లో కూర్చుంది అందుకేనా?

మల్లెపందిరి:
ఆరో భాగంలో ఒక బొమ్మ గీశాడు: దుమ్ము, వడగళ్లు కొడుతుంటే గోడ చాటున నిలబడ్డ మనిషి. చుట్టూ అన్యాయం నిండి ఉంటే, తన మటుకు తాను చెడిపోకుండా బతికితే చాలనుకుంటాడు. అది చిన్న పనేం కాదంటాడు అడైమాంటస్. కానీ పెద్ద పని కూడా కాదంటాడు సోక్రటీస్, తగిన రాజ్యం దొరకలేదు కాబట్టి. ఆ తగిన రాజ్యం వెతుక్కుంటూనే సిసిలీ వెళ్లాడు, అక్కడ బాగా దెబ్బ తిన్నాడు. దాని సంగతి డెన్వర్ గారు చెబితే బాగుంటుంది, నాకు పేపర్లు పిలుస్తున్నాయి.

డెన్వర్_చలి:
చెబుతా, కానీ ఇక్కడ మనకున్న ఆధారం ఎక్కువగా ఆ ఏడో లేఖ, తర్వాత జీవిత చరిత్రలు రాసిన ప్లూటార్క్. అది గుర్తుంచుకుని చదవండి.

నలభై ఏళ్ల వయసులో మొదటిసారి సిరక్యూస్ వెళ్లాడు. రాజు మొదటి డయోనీసియస్, నియంత. రాజుతో పొసగలేదు కానీ రాజు బావమరిది డియోన్ అనే ఇరవై ఏళ్ల కుర్రాడు శిష్యుడయ్యాడు. 367లో రాజు పోయాడు, కొడుకు రెండో డయోనీసియస్ గద్దెక్కాడు. ఇదే సమయం, రాజును తత్వవేత్తగా మార్చొచ్చు అని డియోన్ కబురు పెట్టాడు. ప్లేటోకు అప్పటికి అరవై దాటాయి. మాటలే తప్ప చేతల్లేని మనిషినని తనకు తానే సిగ్గుపడాల్సి వస్తుందని వెళ్లాడట.

మొదట్లో ఉత్సాహమే ఉత్సాహం. అందరూ రేఖాగణితం బొమ్మలు గీస్తుంటే రాజభవనమంతా దుమ్ము లేచిందని ప్లూటార్క్ రాశాడు. నాలుగో నెలలో డియోన్‌ను కుట్రదారు అని చిన్న పడవలో ఎక్కించి దేశం దాటించారు. 361లో ప్లేటో మళ్లీ వెళ్లాడు, ఎందుకు వెళ్లాడో నాకిప్పటికీ అర్థం కాదు. ఈసారి కిరాయి సైనికుల మధ్య ఉంచారు, కొందరు చంపుతామన్నారు. టారెంటమ్ నుంచి మిత్రుడు ఆర్కిటాస్ ముప్పై తెడ్ల ఓడ పంపించి బతికించాడు.

చివరికి డియోన్ 357లో సైన్యంతో వచ్చి సిరక్యూస్ పట్టుకున్నాడు. ప్లేటో శిష్యుడి చేతికి రాజ్యం వచ్చింది! తర్వాత డియోన్ తన ప్రత్యర్థి హెరాక్లిడిస్‌ను చంపడానికి సరే అన్నాడు. 354లో డియోన్‌నే చంపారు.

దీని తర్వాత లేఖలో వచ్చే సలహా చూడండి: సిసిలీ గానీ ఏ ఊరు గానీ మనుషులైన యజమానుల కింద ఉండకూడదు, చట్టాల కింద ఉండాలి. ప్లేటో చివరి పుస్తకం లాస్ కూడా అదే మాట అంటుంది. ఏ మనిషి స్వభావమూ అదుపు లేని అధికారాన్ని మోస్తూ అహంకారంతో, అన్యాయంతో నిండకుండా ఉండలేదు. పాలకులు చట్టానికి బానిసలుగా ఉండాలి. ఇది లేఖ కాదు, అనుమానం లేని ప్లేటో. కాబట్టి మేడమ్, అనుభవం సిద్ధాంతాన్ని మార్చిందనడానికి నాకు గట్టి సాక్ష్యం ఇదే. ముప్పై మంది నుంచి రిపబ్లిక్ పుట్టిందనేది ఊహ, మంచి ఊహ. సిరక్యూస్ తర్వాత రాజు స్థానంలో చట్టం వచ్చిందనేది కళ్లకు కనిపించే మార్పు.

నల్లబల్ల:
అంటే పాపర్, అంబేద్కర్ అడిగిన ప్రశ్నను ముసలి ప్లేటో తనే తనకు వేసుకున్నాడన్నమాట. కొంచెం ఆలస్యంగా. అయినా లాస్‌లో ఆ 5040 కుటుంబాల ఊరు కూడా నాకు ఊపిరాడనిచ్చేది కాదు, నాస్తికులకు జైలు పెట్టాడు. సోక్రటీస్ ఆ ఊళ్లో పుట్టి ఉంటే?

మల్లెపందిరి:
ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు నల్లబల్ల గారూ. దైవదూషణ చట్టానికి గురువును పోగొట్టుకున్నవాడు మళ్లీ దైవదూషణ చట్టం రాశాడు. దాని మీద వేరే థ్రెడ్ పెట్టండి, నేను తప్పకుండా వస్తాను.

డెన్వర్ గారి తేడా బాగుంది, అయితే చిన్న సవరణ. ఆస్తి లేని పాలకులు లాస్‌లో పోయారు, నిజమే. కానీ పాలకుణ్ని నమ్మొద్దు అన్న భయం మాత్రం రెండింట్లోనూ ఒకటే. మొదట డబ్బు తీసేసి చూశాడు, తర్వాత అధికారానికే పగ్గం వేశాడు.

రేపల్లె_రైలు:
అందరికీ థ్యాంక్స్. ఒక్క చివరి డౌట్. డియోన్‌ను చంపింది ఎవరు? రాజు మనుషులా?

కోర్టుపక్షి:
కాదు తమ్ముడూ. కాలిపస్. ఏథెన్స్‌వాడు, అక్కడ డియోన్‌కు తన ఇంట్లో బస ఇచ్చినవాడు, ప్లేటో శిష్యుడని కూడా కొందరు పాతవాళ్లు రాశారు.

డెన్వర్_చలి:
లేఖ దాన్ని ఒప్పుకోదు. ఆ స్నేహం తత్వం వల్ల వచ్చింది కాదు, మామూలు తిరుగుళ్ల వల్ల, దీక్షల్లో కలిసి కూర్చోవడం వల్ల వచ్చింది అని పనిగట్టుకుని చెబుతుంది. ఏథెన్స్ పేరు చెడిందంటారేమో, డియోన్‌కు ద్రోహం చేయమని డబ్బు ఇస్తామన్నా చేయని ఇంకో ఏథెన్స్‌వాడు కూడా ఉన్నాడు అంటుంది. తన గురించే.

ఊరికే_చదువుతా:
రిపబ్లిక్ మొదటి భాగం డౌన్‌లోడ్ చేశా. జాతర దగ్గర ఉన్నా. రాత్రికి గుర్రాల మీద కాగడాల పందెం ఉందంట, సోక్రటీస్‌ను ఆపడానికి అదే ఎర.

మల్లెపందిరి:
ఆ పందెం ఎవరూ చూడరు, చదవండి.